వాహనాన్ని మోసే వాహనం

'ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి' అన్నది తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెత. సుమతీ శతకకారుడు ఈ పోలికను కలిమిలేముల రాకపోకలకు ఉపమానంగా నిలిపాడు. ఉపమానానికి ఆధారమైన దృశ్యం మాత్రం అచ్చమైన లోకానుభవం. ఒడ్డున తయారైన ఓడ నీటిని చేరాలంటే బండి ఎక్కాలి. నది దాటవలసిన బండి ఓడ ఎక్కాలి. మోసేది కూడ ఒక్కొక్కప్పుడు మోయించుకోక తప్పదు. గోదావరి పాయలను పంటు మీద దాటే కోనసీమవాసులకు ఈ దృశ్యం చిరపరిచితమే. అక్కడ మనుషులతోబాటు మోటారు సైకిళ్ళు కూడ పంటు ఎక్కి ఆవలి ఒడ్డుకు చేరుతాయి.

నేటి కాలంలో మోటారు సైకిలును మరొక వాహనం మీద తరలించవలసిన సందర్భాలు పెక్కు. విజయవాడలో చదువు ముగించిన యువకునికి పుణేలో ఉద్యోగం వస్తుంది. వరంగల్లులోని ఉపాధ్యాయుని కుమారుడు ఢిల్లీ వరకు రైలులో వెళ్ళి, అక్కడి నుంచి లడఖ్ కొండలలో తన బండి మీదనే తిరగాలనుకుంటాడు. నడిరోడ్డున చెడిపోయిన బండి మరమ్మతు దుకాణానికి చేరాలి. ఈ సందర్భాలన్నింటిలోను బండిని ఎక్కించడం ఎలా, కట్టడం ఎలా, దానితో పాటు వచ్చే సామానును ఏమి చేయడం అనే ప్రశ్నలు ఎదురవుతాయి. 'నాలుగు తాళ్ళు కడితే సరి' అని తేలికగా అనేవారు లేకపోలేదు. కాని కట్టు తెగి పడిన బండి యజమానికి మాత్రమే నష్టం కాదు. దాని వెనుకనే వస్తున్న మరొక ద్విచక్ర వాహనదారునికి అది ప్రాణాపాయం. అతడు ఆ కట్టును చూడలేదు, వేయలేదు. అయినా దాని ఫలితాన్ని అనుభవించేది అతడే. కనుక ఇది కేవలం సొంత వస్తువును కాపాడుకొనే విషయంగా మిగలదు.

ద్విచక్ర వాహనాన్ని మోయడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కారును లారీ మీద ఎక్కిస్తే అది నాలుగు కాళ్ళ మీద తనంత తాను నిలుస్తుంది. మోటారు సైకిలు అలా నిలువదు. నడుస్తున్నప్పుడు నిలకడగా ఉండే ఈ యంత్రం, ఆగిన వెంటనే ఏదో ఒక ఆధారాన్ని కోరుతుంది. 1885లో జర్మనీ దేశస్థులైన గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కర్ర చట్రంతో నిర్మించిన తొలి పెట్రోలు మోటారు సైకిలుకు ఇరువైపుల రెండు చిన్న చక్రాలను కూడ అమర్చారు. పడిపోతుందేమోనన్న సందేహం ఆ మహానిపుణులను సైతం విడువలేదన్నమాట! నడిచే ద్విచక్ర వాహనం ఎందుకు పడిపోదు అన్న ప్రశ్నకు తిరిగే చక్రాల భ్రమణ ప్రభావమే కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు. ఆ ప్రభావాన్ని పూర్తిగా తొలగించినా తనంత తాను నిలువగల సైకిలును నిర్మించవచ్చునని అమెరికా, నెదర్లాండ్స్ దేశాల పరిశోధకులు 2011లో 'సైన్స్' పత్రికలో నిరూపించారు. కారణాలు ఏవైనా, అవన్నీ బండి నడిచేటప్పుడు మాత్రమే పనిచేస్తాయి. మరొక వాహనం మీద ఎక్కినప్పుడు బండి ప్రయాణం చేస్తుంది కాని దాని చక్రాలు తిరగవు. దానిని నిలిపే శక్తి ఏదీ దాని వద్ద ఉండదు.

స్టాండు ఉన్నది కదా అనవచ్చు. పక్క స్టాండు వేసిన బండి నేలను మూడు చోట్ల తాకుతుంది. గరిమనాభి నుంచి గీసిన నిలువు రేఖ ఆ మూడు బిందువుల త్రిభుజంలో పడినంత సేపు బండి పడదు. కదలని నేల మీద ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. కాని కింది నేలయే కదులుతూ, ఒరుగుతూ, ఆగుతూ ఉంటే ఆ రేఖ ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు? అందుచేత లారీలోగాని ట్రెయిలరు మీదగాని స్టాండును నమ్ముకోరాదు. స్టాండు తీసివేసి, ముందు చక్రాన్ని గట్టి అడ్డులోనో గాడిలోనో ఇరికించి, బండిని నిటారుగా నిలిపి కట్టడమే సరియైన పద్ధతి.

కట్టు అనేది బరువు కోసం కాదు, కుదుపు కోసం. బరువును మోయడం నేల పని. వాహనం హఠాత్తుగా ఆగినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, గతుకులో పడినప్పుడు జడత్వం వలన పుట్టే తోపును ఓర్చుకోవడం కట్టు పని. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సరకు వాహనాలకు విధించిన నిబంధనలు ఈ విషయాన్ని అంకెలలో చెబుతాయి. సరకు బరువులో 0.8 వంతు శక్తి ముందుకు తోసినా, 0.5 వంతు శక్తి వెనుకకు లేదా పక్కలకు తోసినా కట్టు చెక్కుచెదరకూడదు. దీని ప్రకారం సుమారు 120 కిలోల సాధారణ మోటారు సైకిలు, సడన్ బ్రేకు వేసినప్పుడు 96 కిలోల బరువంత బలంతో ముందుకు, మలుపులో 60 కిలోల బరువంత బలంతో పక్కకు తోయవచ్చు. 195 కిలోల బుల్లెట్టు వంటి బండి అయితే ముందుకు తోసే బలం 156 కిలోలకు చేరుతుంది. రెండు బస్తాల బియ్యాన్ని పట్టి ఉంచవలసిన పని పాత చీరపేలికకు అప్పగించడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

పందిరి గుంజనో జెండా కర్రనో నిలిపేటప్పుడు నాలుగు దిక్కులకు తాళ్ళు లాగి కట్టడం అందరూ చూచినదే. బండిని కట్టడంలోని సూత్రం కూడ అదే. ముందు వైపు రెండు, వెనుక వైపు రెండు మొత్తం నాలుగు కట్లు ఉండాలి. ప్రతి కట్టు కిందికి, బయటికి లాగాలి. ముందు కట్లు ముందుకు, వెనుక కట్లు వెనుకకు వాలాలి. తాడు కంటె నవారు వలె నేసిన వెడల్పాటి పట్టీలు మేలు. రాట్చెట్ అమర్చిన పట్టీని బిగించడం సులభం, బిగింపు జారదు. నైలాను తాడు గట్టిదే గాని లాగితే సాగుతుంది. సాగిన తాడు తెగకపోయినా ప్రయోజనం లేదు, ఎందుకంటే బండి ఒరగడానికి అంగుళం సందు దొరికితే చాలు. ముందు కట్లను హ్యాండిల్ చివరలకు కట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. అవి వంగవచ్చు, తిరగవచ్చు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు ఫోర్కు గొట్టాలను కలిపే కింది క్లాంపు గట్టి చోటు. పట్టీ ఆనే చోట మెత్తని గుడ్డ చుట్టకపోతే గమ్యం చేరేసరికి రంగు లేచిపోతుంది.

ముందు షాక్ అబ్జార్బర్లు సుమారు సగం వరకు దిగేటట్లు కట్టును బిగించాలి. అప్పుడు లోపలి స్ప్రింగు పైకి తోస్తూ పట్టీని ఎల్లప్పుడు బిగువుగా ఉంచుతుంది. వదులుగా కడితే గతుకులో బండి ఒకసారి కిందికి అణగగానే పట్టీ జారుతుంది, కొక్కెం ఊడుతుంది. అట్లని పూర్తిగా అణచి కట్టడం కూడ తగదు. ఆయిలు సీళ్ళు దెబ్బతింటాయి. చక్రానికి, మడ్‌గార్డుకు నడుమ ఒక చెక్కదిమ్మను ఉంచే అనుభవజ్ఞులు ఉన్నారు; మరీ ఎక్కువగా అణగకుండ అది కాపాడుతుంది.

బండిని ఎక్కించేటప్పుడు జరిగే ప్రమాదాలు ప్రయాణంలో జరిగేవాటి కంటె తక్కువేమీ కావు. ఇక్కడ వాలుతలం గురించి భౌతికశాస్త్రంలో చదివినదానిని గుర్తు చేసుకొంటే చాలు. ట్రెయిలరు నేల 0.6 మీటరు ఎత్తున ఉన్నదనుకొందాం. 1.2 మీటర్ల పలకను వాల్చితే 120 కిలోల బండిని తోయడానికి, ఘర్షణను లెక్కించకపోయినా, 60 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. 2.4 మీటర్ల పలకను వాల్చితే 30 కిలోలకు సమానమైన బలం చాలును. పలక పొడవు పెరిగితే శ్రమ సగమవుతుంది, అదుపు పెరుగుతుంది. పలక పైకొనను ట్రెయిలరుకు కట్టకపోతే బండి వెనుక చక్రం ఎక్కే వేళకు పలక జారుతుంది. బండిని నడుపుతూ పలక ఎక్కించే సాహసం చూపరులకు వినోదమే గాని, పలక అంచున కాలు ఆనించడానికి నేల ఉండదన్న సంగతి సాహసికి పైకి వెళ్ళిన తరువాత గాని తెలియదు. ఇంజను ఆపి, ఇద్దరు మనుషులు ఇరువైపుల పట్టుకొని తోయడమే క్షేమం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రెయిలరును నిర్వచిస్తూ, మోటారు వాహనం చేత లాగబడేదని చెప్పి, సెమీ ట్రెయిలరును, సైడుకారును మినహాయించింది. మోటారు సైకిలు పక్కన మూడవ చక్రంతో అమరే సైడుకారు చట్టం దృష్టిలో ఆ మోటారు సైకిలులో భాగమే. మన రాష్ట్రాలలో ఒకటి రెండు బండ్లను తరలించడానికి ట్రెయిలరు కంటె 'ఛోటా హాతీ' అని పిలువబడే చిన్న ట్రక్కులనే ఎక్కువగా వాడుతారు. అమెరికాలో మాత్రం కారు వెనుక చిన్న ట్రెయిలరు తగిలించి మోటారు సైకిళ్ళను తీసుకొనిపోవడం సర్వసాధారణం. దక్షిణ డకోటా రాష్ట్రంలోని స్టర్జిస్‌లో 1938లో మొదలైన మోటారు సైకిళ్ళ సంబరానికి సైతం బండి నడుపుకొంటూ రాక, ట్రెయిలరు మీద ఎక్కించి తెచ్చేవారు ఉంటారు. వారిని తక్కినవారు ఆటపట్టిస్తారట!

ట్రెయిలరు మీద బరువును ఎక్కడ ఉంచాలన్నది కీలకమైన ప్రశ్న. దీనికి జవాబు మన ఎడ్లబండి తోలేవారికి ఏనాడో తెలుసు. బండిలో వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింది జోతెలు బిగుసుకొంటాయి. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. అందుచేత ఇరుసుకు కొంచెం ముందుకు మొగ్గేటట్లు బస్తాలు సర్దుతారు. ట్రెయిలరు విషయంలో అమెరికా నిపుణులు చెప్పే లెక్క ఇదే: మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కారుకు తగిలించిన కొక్కెం మీద పడాలి. ట్రెయిలరు, దాని మీది బండ్లు కలిసి 400 కిలోలు ఉంటే కొక్కెం మీద 40 నుంచి 60 కిలోలు ఉండాలన్నమాట. బరువు ఇరుసుకు వెనుకగా పడితే, వేగం పెరిగిన కొద్దీ ట్రెయిలరు పాము తోకవలె అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ఒక్కొక్క మారు పెరుగుతూ చివరికి కారునే తిప్పివేయవచ్చు. ఊపు ఆరంభమైనప్పుడు గట్టిగా బ్రేకు వేయడం, స్టీరింగును ఎదురు దిక్కుకు తిప్పడం రెండూ అనర్థకాలే. ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకొని వేగం దానంతట అదే తగ్గేవరకు ఆగాలి. తరువాత బండి ఆపి బరువును ముందుకు జరపాలి. రెండు మోటారు సైకిళ్ళను పక్కపక్కన ఎక్కించినప్పుడు హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగులుతాయి. ఒక దానిని అరడుగు వెనుకకు జరిపితే ఇబ్బంది తీరుతుంది.

దూరప్రయాణాలకు మన దేశంలో ఎక్కువమంది ఆశ్రయించేది రైలునే. రైలులో మోటారు సైకిలును పంపడానికి రెండు మార్గాలు ఉన్నాయి. యజమాని తానెక్కే రైలులోనే టికెట్టు చూపి పంపితే అది లగేజి. తాను ప్రయాణించకుండ పంపితే అది పార్సిలు. మొదటిది కొంత ఖరీదైనా, మనిషి, బండి ఒకే రైలులో చేరే అవకాశం ఎక్కువ. స్లీపరు తరగతి ప్రయాణికునికి 40 కిలోల వరకు సామాను ఉచితం కదా, ఆ మేరకు బండి రుసుములో తగ్గించరా అని కొందరు అడుగుతారు. ఆ ఉచిత పరిమితి స్కూటర్లు, సైకిళ్ళు వంటివాటికి వర్తించదు. రిజిస్ట్రేషను పత్రం, బీమా పత్రం, గుర్తింపు పత్రాల నకళ్ళు దగ్గర ఉంచుకోవాలి. బండిని ఎండుగడ్డి, గోనెపట్టాలతో చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టి అప్పగించాలి. ఈ పని చేసేవారు పెద్ద స్టేషన్ల వెలుపల దొరుకుతారు. అద్దాలను ముందే విప్పి చేతి సంచిలో వేసుకోవడం మంచిది. హెడ్‌లైటుకు, ట్యాంకుకు, ఇండికేటర్లకు గడ్డి దట్టంగా పెట్టించాలి. పంపే స్టేషను, చేరే స్టేషను పేర్లు గోనె మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఒక చీటీని లోపల కూడ కట్టి ఉంచితే, పై అక్షరాలు చెరిగినా బండి అనాథ కాదు.

అన్నింటికంటె ముఖ్యమైన నిబంధన ట్యాంకులో పెట్రోలు ఉండకూడదన్నది. 'రిజర్వులో కొంచెమే ఉంది' అనడం చెల్లదు. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. అది పైకి ఎగసిపోక, మూసి ఉన్న సామాను పెట్టె నేల మీద పరచుకొంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకు కంటె అడుగున కొంచెం మిగిలిన ట్యాంకు తక్కువ ప్రమాదకరమనుకోవడం భ్రమ. ఖాళీ చోటంతా ఆవిరితో నిండి ఉంటుంది. కనుక పెట్రోలును తీసిన తరువాత మూతను కొంతసేపు తెరిచి, ఆరుబయట గాలి ఆడనివ్వాలి. ప్రమాదకరమైన వస్తువులను రైలులో తీసుకొనిపోవడాన్ని 1989 నాటి రైల్వే చట్టంలోని 67వ సెక్షను నియంత్రిస్తుంది. ఆ నియమాన్ని ఉల్లంఘిస్తే మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష విధించవచ్చునని 164వ సెక్షను చెబుతుంది. జరిగిన నష్టానికి కూడ ఉల్లంఘించినవాడే బాధ్యుడు. ఎన్నో కుటుంబాలు నిద్రించే రైలులో లీటరు పెట్రోలు ఆదా చేసుకోవాలనుకోవడం లోభం కూడ కాదు, అవివేకం.

అదే చట్టంలోని 100వ సెక్షనును ప్రయాణికులందరు తెలిసి ఉండటం అవసరం. సామానును రైల్వే ఉద్యోగి బుక్ చేసి రసీదు ఇస్తేనే దాని నష్టానికి రైల్వే బాధ్యత వహిస్తుంది. ప్రయాణికుడు తన వెంట ఉంచుకొన్న సామాను పోతే, రైల్వేవారి అశ్రద్ధ వలననే పోయినదని రుజువు చేయాలి. బుక్ చేసిన సామానుకైనా విలువను ముందుగా ప్రకటించి, అందుకు తగిన అదనపు రుసుము చెల్లించకపోతే నష్టపరిహారం బరువును బట్టి నిర్ణయించిన పరిమితికి లోబడి ఉంటుందని 103వ సెక్షను తెలుపుతుంది. కొత్త బండిని పంపేవారు ఈ రుసుము దగ్గర వెనుకాడరాదు. మరొక సంగతి: రైలు రెండు మూడు నిమిషాలు మాత్రమే ఆగే చిన్న స్టేషనులో బండిని ఎక్కించడం, దించడం రెండూ కష్టమే. రైలు బయలుదేరే స్టేషను నుంచి అది ఆఖరుగా ఆగే స్టేషనుకు పంపితే చిక్కులు తగ్గుతాయి. చేరిన తరువాత గడువులోపల విడిపించుకోకపోతే వార్ఫేజి పేరుతో అదనపు రుసుము పడుతుంది.

ఇతర రాష్ట్రానికి చేరిన బండిని అక్కడ 12 నెలలకు మించి ఉంచితే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఆ రాష్ట్రపు కొత్త సంఖ్యను పొందాలి. తరచుగా బదిలీ అయ్యే అర్హులైన ఉద్యోగుల కొరకు 2021లో ప్రవేశపెట్టిన 'బీహెచ్' శ్రేణి సంఖ్యలకు ఈ అవస్థ లేదు.

ఇక బండి మీద పెట్టే సామాను సంగతి. మోయించుకొన్న బండి గమ్యం చేరగానే మళ్ళీ మోసే బండి అవుతుంది. ఇక్కడ ఆదర్శం కావడి. కావడికి రెండు వైపులా సమానమైన బరువు ఉంటుంది. ఆ బరువు భుజానికి కింద వేలాడుతుంది. పల్లెలలో పాలవారు మోటారు సైకిలుకు ఇరువైపుల పాల క్యానులను తగిలించుకొని ప్రతి ఉదయం పట్టణానికి చేరే తీరులో ఉన్నది ఈ కావడి నీతియే. ఒక క్యాను నిండుగా, రెండవది ఖాళీగా ఉంటే ఎంతటి నేర్పరికైనా హ్యాండిలు ఒక పక్కకు లాగుతుంది. బరువైన వస్తువులు కిందుగా, బండి నడిమికి దగ్గరగా ఉండాలి. తేలికైనవి పైన ఉండవచ్చు. పర్యటనకు బయలుదేరే యువకులు చాలామంది దీనికి విరుద్ధంగా సీటు వెనుక ఎత్తుగా మూటలు పేరుస్తారు. వెనుక ఇరుసును దాటి పడిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. కొండ ఎక్కేటప్పుడు తిప్పవలసిన చక్రమే నేలను సరిగా పట్టుకోకపోతే మలుపులో గతి ఏమిటి? హెడ్‌లైటు వెలుగు సైతం రోడ్డు మీద పడక ఎదుటివారి కళ్ళలో పడుతుంది. తయారీదారులు సూచించిన మేరకు వెనుక టైరులో గాలి పెంచడం కూడ అవసరమే.

సంచి సైలెన్సరుకు ఆనితే కాలుతుంది. ఈ మాట అందరికీ తెలుసు గాని, ప్రయాణంలో సంచి కిందికి జారి ఆనుతుందన్నది తోచదు. వేలాడే తాడు కొసలు, సంచి పట్టీలు, చున్నీలు, చీర చెంగులు చక్రంలోనో చైనులోనో చుట్టుకొని ఎందరినో పడవేశాయి. ఈ కారణం చేతనే కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని, వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, కాలుపట్టు ఉండాలని నిర్దేశించింది. అందం కోసమని ఆ కమ్మీలను విప్పించివేసే యువకులు, తల్లినో చెల్లెలినో వెనుక కూర్చోబెట్టుకొనేటప్పుడు ఏమి విప్పించామో గుర్తు చేసుకోరు.

కట్టిన కట్టు కొంత దూరం పోయిన తరువాత తప్పక వదులవుతుంది. మూటలలోని బట్టలు అణగుతాయి, స్ప్రింగులు సర్దుకొంటాయి, పట్టీలు సాగుతాయి. బయలుదేరిన 20, 30 కిలోమీటర్లకు ఒకసారి ఆగి ప్రతి కట్టును చేతితో లాగి చూడాలి. ఆ తరువాత టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా చూడాలి. దీర్ఘకాలంగా సరకు లారీలు నడిపేవారు దాబా ముందు దిగగానే మొదట లారీ చుట్టూ ఒకసారి తిరిగి, తాళ్ళను తట్టి, టైర్లను తన్ని చూచి, ఆ తరువాతనే చేతులు కడుక్కోవడానికి వెళతారు.